ఒకే కారు, అయిదు విలువలు: కంపెనీ వాహనాల తరుగుదల, అమ్మకం లెక్క

వరంగల్‌లో పత్తి జిన్నింగ్ మిల్లు నడిపే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ 2021 దసరా రోజున, అంటే అక్టోబర్ 15న, మేనేజర్ తిరగడానికి ఒక కారు కొన్నదనుకుందాం. నాలుగేళ్లు వాడుకుని 2025 అక్టోబర్ 14న ఎనిమిది లక్షలకు అమ్మేసింది. అమ్మిన రోజున ఆ కారు విలువ ఎంత అని ఆఫీసులో అడిగితే ఎవరి చేతిలో ఉన్న కాగితం చూసి వాళ్లు చెబుతారు. కంపెనీ పుస్తకాల ప్రకారం 7,56,000 రూపాయలు. ఆదాయపు పన్ను లెక్కలో 8,18,015. బీమా పాలసీ మీద 7,20,000. అదే కారును మేనేజర్‌కే ఇచ్చేస్తే అతని జీతం లెక్కలో వేసుకోవాల్సిన విలువ 5,89,824. బయటివాడు కొన్నది 8,00,000కు. ఈ అయిదింటిలో ఒక్కటీ తప్పు లెక్క కాదు. ఒకదాన్ని పెట్టాల్సిన చోట ఇంకోదాన్ని పెట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది.

తరుగుదల అనగానే బండి ధర పడిపోవడం గుర్తొస్తుంది. షోరూమ్ గేటు దాటగానే లక్ష రూపాయలు పోయినట్టే అని అందరూ అనే మాటే. అది మార్కెట్ సంగతి, అకౌంట్స్‌కు దానితో పని లేదు. బండి కొనడానికి పెట్టిన ఖర్చును అది పనిచేసే ఏళ్లన్నింటికీ పంచడమే తరుగుదల. కాబట్టి పుస్తకాల్లో కనిపించే 7,56,000 కారు ధర కాదు, ఇంకా ఖర్చు కింద రాయకుండా మిగిలి ఉన్న మొత్తం. ఈ ఒక్క తేడా మనసులో ఉంటే అమ్మకం రోజున వచ్చే లాభమైనా నష్టమైనా ఏమిటో తేలిగ్గా అర్థమవుతుంది.

బిల్లులో ఏది ఖరీదు, ఏది కాదు

తరుగుదల లెక్కలో జరిగే తప్పుల్లో చాలావరకు బండి కొన్న రోజే పడతాయి. షోరూమ్ వాళ్లు ఇచ్చే ఆన్‌రోడ్ కొటేషన్‌లో అన్నీ కలిపి ఒకే మొత్తం ఉంటుంది. ఫైనాన్స్ కంపెనీ కూడా ఆ మొత్తం మీదే లోన్ ఇస్తుంది. అకౌంటెంట్ ఆ అంకెనే తీసుకెళ్లి వాహనాల ఖాతాలో పెట్టేస్తాడు. మన కారు కొటేషన్ ఇలా ఉందనుకుందాం: ఎక్స్-షోరూమ్ ధర 12,00,000. లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ కలిపి 2,30,000. బీమా 55,000. టీసీఎస్ 12,000. ఫ్లోర్ మ్యాట్లు, సీటు కవర్లు, కెమెరా వగైరా 10,000. మొత్తం 15,07,000.

ఇందులో ఆస్తి ఖరీదు కింద చేరాల్సింది 14,40,000 మాత్రమే. లైఫ్ ట్యాక్స్ చేరుతుంది, ఎందుకంటే అది కట్టకుండా బండి రోడ్డెక్కదు, పైగా ఒకేసారి కట్టేది. సరుకు రవాణా లారీలకు మూడు నెలలకోసారి కట్టే ట్యాక్స్ అలా కాదు, అది ఏ త్రైమాసికానికి కడితే ఆ కాలం ఖర్చు. బీమా కూడా ఖరీదులో కలవదు. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కార్లకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి కాబట్టి ఆ 55,000లో కొంత భాగం రాబోయే సంవత్సరాలకు చెందుతుంది. ఆ భాగాన్ని ముందస్తు ఖర్చుగా పెట్టి ఏడాదికింత చొప్పున దించుకోవాలి.

ఇక టీసీఎస్. పది లక్షలు దాటిన కారు మీద అమ్మినవాడు ఒక శాతం వసూలు చేసి కంపెనీ పాన్ మీద జమ చేస్తాడు. అది కంపెనీ కట్టాల్సిన ఆదాయపు పన్నులో సర్దుబాటయ్యే డబ్బు. దాన్ని కారు ఖరీదులో కలిపేస్తే ఎనిమిదేళ్లపాటు తరుగుదల రాసుకుంటూ పోతారు, రిటర్న్‌లో క్లెయిమ్ చేసుకోవడం మాత్రం మరిచిపోతారు. పన్నెండు వేలే కదా అనిపించవచ్చు. పది బండ్లున్న కంపెనీలో అదే లెక్క లక్ష దాటుతుంది.

ఎక్స్-షోరూమ్ ధరలో ఉన్న జీఎస్టీ సంగతి వేరు. డ్రైవర్‌తో కలిపి 13 మందికి మించని సీట్లున్న ప్రయాణికుల వాహనాల మీద కట్టిన జీఎస్టీకి మామూలు కంపెనీలకు క్రెడిట్ రాదు, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలో దాన్ని తగ్గించుకోలేవు. ట్యాక్సీ నడిపేవాళ్లకు, కార్లు అమ్మే డీలర్లకు, డ్రైవింగ్ స్కూళ్లకు మినహాయింపు ఉంది, జిన్నింగ్ మిల్లుకు లేదు. అందుకే ఆ పన్ను కూడా కారు ఖరీదులోనే ఉండిపోతుంది. లారీ కొంటే ఇది తలకిందులవుతుంది. సరుకు రవాణా వాహనం మీద కట్టిన జీఎస్టీ మొత్తం క్రెడిట్ తీసుకోవచ్చు, అప్పుడు ఖరీదు పన్ను లేని ధరే. రెండూ కావాలంటే కుదరదు. పన్ను మొత్తం మీద కూడా ఆదాయపు పన్ను లెక్కలో తరుగుదల తీసుకుంటే జీఎస్టీ క్రెడిట్ పోతుంది.

ఒక చిన్న జాగ్రత్త కూడా ఉంది. ఆస్తి కొనుగోలులో ఒకే వ్యక్తికి ఒకే రోజు పది వేలు మించి నగదు ఇస్తే, ఆ భాగాన్ని ఆదాయపు పన్ను లెక్కలో ఖరీదుగా ఒప్పుకోరు. సీట్ కవర్ల దుకాణంలోనో, పాత లారీ కొన్నచోటనో ఇది ఎక్కువగా దొరికిపోతుంది.

ఎనిమిదేళ్లా, ఆరేళ్లా

2014 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు వర్తిస్తున్నది 2013 కంపెనీల చట్టంలోని రెండో షెడ్యూల్. అంతకుముందు చట్టమే తరుగుదల శాతాలు చెప్పేది. ఇప్పుడు ఆయుష్షు చెబుతుంది, శాతం మనమే లెక్కగట్టుకోవాలి. సొంత పనికి వాడే కార్లు, లారీలు, బస్సులకు ఎనిమిదేళ్లు. కిరాయికి నడిపే వ్యాపారంలో ఉన్నవాటికి ఆరేళ్లు. మోటార్ సైకిళ్లు, స్కూటర్లకు పదేళ్లు. ట్రాక్టర్లు, హార్వెస్టర్లు, బ్యాటరీ బండ్లు ఎనిమిదేళ్లే. చివరికి మిగిలే విలువ మామూలుగా అసలు ఖరీదులో అయిదు శాతానికి మించకూడదు.

మన కారుకు సమాన వాయిదాల పద్ధతి తీసుకుంటే అయిదు శాతం, అంటే 72,000 పక్కన పెట్టి మిగిలిన 13,68,000ను ఎనిమిదితో భాగిస్తే ఏడాదికి 1,71,000 వస్తుంది. నాలుగేళ్లకు 6,84,000. ఖరీదులోంచి అది తీసేస్తే మిగిలేదే మొదట చెప్పిన 7,56,000. తగ్గుతూ వచ్చే విలువ మీద లెక్కించే పద్ధతిలో ఇదే ఎనిమిదేళ్లకు రేటు 31.23 శాతం అవుతుంది. ఆ దారిలో వెళ్తే అమ్మిన రోజుకు పుస్తకాల్లో మిగిలేది 3.33 లక్షల దగ్గర.

ఇక్కడే కాసేపు ఆగాలి. కారు అదే, నాలుగేళ్లూ అవే, అమ్మిన ధర కూడా ఎనిమిది లక్షలే. మొదటి పద్ధతిలో అమ్మకం మీద లాభం 44,000. రెండో పద్ధతిలో దాదాపు 4.67 లక్షలు. రెండోదాన్ని చూసి డైరెక్టర్ బండి భలే బేరానికి పోయిందని మురిసిపోతే అంతకన్నా అమాయకత్వం లేదు. గడిచిన ఏళ్లలో అవసరానికి మించి ఖర్చు రాసుకున్నారు, అదే ఇప్పుడు లాభం రూపంలో వెనక్కి వచ్చింది. నష్టం వచ్చినా అంతే, అంచనా తక్కువ వేశారని అర్థం. వాహనం అమ్మకం మీద వచ్చే లాభనష్టాల్లో బేరం నైపుణ్యం ఎంతో కొంత ఉండవచ్చు గానీ, ఎక్కువ భాగం పాత అంచనాల దిద్దుబాటే. అందుకే దాన్ని వ్యాపార టర్నోవర్‌లో కలపకుండా ఇతర ఆదాయంలోనో, విడిగా నష్టంగానో చూపించమంటారు.

ఎనిమిదేళ్లు అన్నది రాతి మీద గీత కాదు. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల్లో తిరిగే టిప్పర్‌నూ, హనుమకొండ నక్కలగుట్ట ఆఫీసు ముందు నీడపట్టున ఉండే కారునూ ఒకే ఆయుష్షుతో కొలవడం న్యాయం కాదు. క్వారీ గుంతలోంచి రాళ్లు మోసే టిప్పర్‌కు చాసిస్, స్ప్రింగులు నాలుగైదేళ్లకే సగం ఒరిజినల్‌గా మిగలవు. రెండు షిఫ్టులు నడిపితే తరుగుదల యాభై శాతం పెంచుకోవచ్చన్న సదుపాయం యంత్రాలకు ఉందిగానీ మోటారు వాహనాలకు లేదు. షెడ్యూల్‌లోనే వాటిని దాని నుంచి తప్పించారు. అయితే అంతకన్నా మంచి దారి ఇంకోటి ఉంది. సాంకేతిక ఆధారం చూపించి, ఆ సంగతి ఆర్థిక నివేదికలో వెల్లడిస్తే కంపెనీ తక్కువ ఆయుష్షు పెట్టుకోవచ్చు. పాత టిప్పర్లు ఎన్నేళ్లకు అమ్మేశారో, ఎంతకు అమ్మారో కంపెనీ సొంత రిజిస్టర్‌లోనే ఉంటుంది. అంతకు మించిన సాక్ష్యం ఉండదు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ పని చేసే కంపెనీలు అరుదు. షెడ్యూల్‌లో ఎనిమిది అని ఉంది కదా అని ఎనిమిదే వేసి, ప్రతి టిప్పర్ అమ్మకం మీదా నష్టం రాసుకుంటూ పోతారు. వరుసగా నాలుగు బండ్ల మీద నష్టం వచ్చిందంటే ఆ ఆయుష్షు అంచనా తప్పని లెక్కలే చెబుతున్నట్టు.

దీనికి ఎదురు సమస్య మిల్లు లారీది. పత్తి సీజన్ అక్టోబర్‌లో మొదలై ఎండాకాలం ముందే సద్దుమణుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో లారీ షెడ్డులో నిలబడి ఉంటుంది. నడవని నెలలకు తరుగుదల ఎందుకు అని యజమానులు అడుగుతుంటారు. ఖాళీగా ఉన్నా తరుగుదల ఆగదు, కాలంతో పాటే ఆయుష్షూ కరుగుతుంది. అమ్మకానికి తీసేసి పక్కన పెడితే మాత్రం వేరు. అప్పుడు పుస్తక విలువ, అమ్మితే చేతికొచ్చే మొత్తం, ఈ రెంటిలో ఏది తక్కువైతే దానికి దించి విడిగా చూపాలి. కొందరు అన్‌సీజన్‌లో అదే లారీని కిరాయికి తిప్పుతారు. అప్పుడు ఆరేళ్లా ఎనిమిదేళ్లా అన్న ప్రశ్న వస్తుంది. కంపెనీ అసలు వ్యాపారం కిరాయి నడపడమేనా అన్నది చూడాలి. ఏడాదిలో నాలుగు ట్రిప్పులు వేసినంత మాత్రాన మిల్లు ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ అయిపోదు.

దసరా ముందు, దసరా తర్వాత

ఆదాయపు పన్ను శాఖ లెక్కకు ఈ ఆయుష్షులతో సంబంధం లేదు. సొంత వాడకపు వాహనాలకు 15 శాతం, కిరాయి వ్యాపారంలో ఉన్న లారీలు, బస్సులు, ట్యాక్సీలకు 30 శాతం, అదీ తగ్గుతూ వచ్చే విలువ మీద. ఏడాదిలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే ఆ మొదటి సంవత్సరం సగమే.

ఈ 180 రోజుల లెక్క మన దగ్గర నేరుగా పండగతో ముడిపడి ఉంది. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కేస్తే గడువు అక్టోబర్ 3. తెలంగాణలో బండి కొనడానికి దసరాను మించిన ముహూర్తం లేదు. 2021లో దసరా అక్టోబర్ 15న వచ్చింది. ఆ రోజు వాడకంలోకి వచ్చిన కారుకు మార్చి వరకు 168 రోజులే. అంటే 15 బదులు ఏడున్నర శాతం, 1,08,000. 2024లో అక్టోబర్ 12న వచ్చింది, అప్పుడూ సగమే. 2025లో పండగ అక్టోబర్ 2నే వచ్చింది కాబట్టి ఆ రోజు కొని అదే రోజు వాడకం మొదలుపెట్టిన వాళ్లకు 181 రోజులు దక్కాయి, పూర్తి తరుగుదల. అయితే చట్టం చూసేది బిల్లు తేదీ కాదు, వాడకంలోకి వచ్చిన తేదీ. పూజ చేయించి షోరూమ్‌లోనే వదిలేసి, రిజిస్ట్రేషన్ నంబర్ వచ్చాక వారం తర్వాత తెచ్చుకుంటే ఆ వారం లెక్కలో ఉండదు. కంపెనీ చట్టం ప్రకారం ఈ గొడవే లేదు, ఎన్ని రోజులైతే అన్ని రోజులకే. మన కారుకు 2021-22లో పుస్తకాల్లో పడింది సుమారు 78,700.

అలా మొదటి ఏడాది 1,08,000, ఆపైన ఏటా 15 శాతం చొప్పున తగ్గిస్తే 2025 మార్చి 31కి 8,18,015 మిగులుతుంది. అయితే ఆదాయపు పన్ను లెక్కలో ఒక్కో బండికి విడిగా ఉనికి ఉండదు. ఒకే రేటు ఉన్న ఒకే తరగతి ఆస్తులన్నీ ఒక బ్లాక్. మిల్లులోని జిన్నింగ్ యంత్రాలకు కూడా 15 శాతమే, కారూ యంత్రాల తరగతిలోదే. కాబట్టి రెండూ ఒకే మూటలో ఉంటాయి. ఆ బ్లాక్ విలువ 60 లక్షలు అనుకుంటే, కారు అమ్మిన ఎనిమిది లక్షలు అందులోంచి తీసేసి మిగిలిన 52 లక్షల మీద 15 శాతం, 7,80,000 తరుగుదల తీసుకుంటారు. అంతే. లాభం లేదు, నష్టం లేదు. బ్లాక్ మొత్తం కన్నా అమ్మిన ధర ఎక్కువైనప్పుడో, బ్లాక్‌లో ఒక్క ఆస్తీ మిగలనప్పుడో మాత్రమే స్వల్పకాలిక మూలధన లాభనష్టం తేలుతుంది. యంత్రాలున్న మిల్లుకు ఆ పరిస్థితి దాదాపు రాదు. ఒకే కారు తప్ప వేరే ఆస్తి లేని కన్సల్టెన్సీ ఆఫీసుకు వస్తుంది.

దీన్నుంచి వచ్చే పని ఒకటుంది. పుస్తకాల్లో చూపించిన 44,000 లాభాన్ని పన్ను లెక్క వేసేటప్పుడు తీసేయాలి, పుస్తకాల తరుగుదలను తిరిగి కలపాలి, పన్ను చట్టం తరుగుదలను తగ్గించాలి. ఆ 44,000ను తీయడం మరిచిపోతే దాని మీద ఊరికే పన్ను కట్టినట్టే. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి, బ్లాక్ పద్ధతి మాత్రం మారలేదు.

అమ్మిన రోజు ఎంట్రీ

సరైన ఎంట్రీకి ముందు ఒక మెట్టు ఉంది. ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 14 వరకు 197 రోజుల తరుగుదల 92,293 ముందు రాయాలి. దాన్ని వదిలేసి మార్చి 31 నాటి విలువ 8,48,293తో పోల్చితే 44,000 లాభం కాస్తా 48,293 నష్టంగా మారుతుంది. ఏడాది చివరి లాభంలో తేడా రాదు నిజమే. కానీ అమ్మకం మీద వచ్చింది లాభమా నష్టమా అన్నదే తారుమారైతే ఆ నోట్ చదివి ఏం లాభం?

తర్వాత పేరుకుపోయిన తరుగుదల 6,84,000 డెబిట్, బ్యాంకు 8,00,000 డెబిట్, వాహనాల ఖాతా 14,40,000 క్రెడిట్, అమ్మకం మీద లాభం 44,000 క్రెడిట్. రెండు వైపులా 14,84,000. కారు తాలూకు రెండు ఖాతాలూ శుభ్రంగా మూసుకుపోతాయి.

లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువగా కనిపించేది ఇది కాదు. బ్యాంకులో ఎనిమిది లక్షలు పడ్డాయి, వాహనాల ఖాతాకు ఎనిమిది లక్షలు క్రెడిట్ కొట్టి వదిలేస్తారు. అప్పుడు ఖరీదు కింద 6,40,000, తరుగుదల కింద 6,84,000 మిగిలిపోతాయి. అంటే కంపెనీ దగ్గర లేని కారుకు మైనస్ 44,000 విలువ. మరుసటి ఏడాది ఎక్సెల్ షీట్ ఆ 6,40,000 మీద మళ్లీ తరుగుదల లెక్కగడుతుంది. మూడేళ్ల తర్వాత ఆడిటర్ వచ్చి ఈ బండి చూపించండి అంటే, దాని నంబర్ ప్లేటు ఏ జిల్లాలో తిరుగుతోందో ఎవరికీ తెలియదు.

లోన్ ఉన్న బండి అయితే ఇంకో తప్పు తోడవుతుంది. ఎనిమిది లక్షలకు అమ్మి, కొన్నవాడే మూడు లక్షల లోన్ నేరుగా ఫైనాన్స్ కంపెనీకి కట్టేసి మిగిలిన అయిదు లక్షలు ఇస్తే, అమ్మకం ధర అయిదు లక్షలని రాసేస్తారు. ధర ఎనిమిదే. మూడు లక్షలు అప్పు ఖాతాకు వెళ్లాలి, ముందుగా మూసినందుకు వేసిన చార్జీ వడ్డీ ఖర్చుల్లోకి పోవాలి. పాత బండి ఇచ్చి కొత్తది తీసుకున్నప్పుడు కూడా ఇదే కథ. డీలర్ బిల్లులో పాత బండి విలువ తగ్గించి మిగిలింది కట్టమంటాడు. పుస్తకాల్లో అది ఒక అమ్మకం, ఒక కొనుగోలు, రెండూ పూర్తి అంకెలతో. ఎక్స్‌చేంజ్ బోనస్ అని డీలర్ ఇచ్చేది పాత బండి ధర కాదు, కొత్త బండి మీద డిస్కౌంట్.

జీఎస్టీ దేని మీద

2024 డిసెంబర్‌లో జైసల్మేర్‌లో జీఎస్టీ కౌన్సిల్ 55వ సమావేశం తర్వాత పాత కార్ల మీద 18 శాతం అంటూ వాట్సాప్ గ్రూపుల్లో పెద్ద కలకలం రేగింది. సొంత కారు అమ్ముకునే మామూలు మనిషికి ఆ పన్ను లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారానికి ఉంది, అదీ మార్జిన్ మీదే. 2025 జనవరి 16 నుంచి చిన్న కార్లకు ఉన్న 12 శాతం పోయి, పెద్దవీ చిన్నవీ బ్యాటరీవీ అన్నింటికీ 18 శాతం అయింది.

మార్జిన్ అంటే అమ్మిన ధరలోంచి ఆదాయపు పన్ను లెక్కలోని తరుగుదల పోను మిగిలిన విలువ తీసేయగా వచ్చేది. పుస్తకాల విలువ కాదు, కొన్న ధర అంతకన్నా కాదు. మన కారుకు 8,00,000 లోంచి 8,18,015 తీస్తే మైనస్. మైనస్ వస్తే పన్ను లేదు. పుస్తకాల్లో లాభం కనిపిస్తున్నా జీఎస్టీ సున్నా. అదే కారు తొమ్మిది లక్షలకు పోయి ఉంటే మార్జిన్ 81,985, దాని మీద 18 శాతం 14,757 రూపాయలు. పుస్తకాల లాభం 1,44,000 మీద వేస్తే 25,920 కట్టాల్సి వచ్చేది, మొత్తం ధర మీద వేస్తే 1,62,000. ఈ మూడో తప్పు చేసేవాళ్లు కూడా ఉన్నారు, భయంతో.

లారీకి ఈ సౌకర్యం ఉండదు. కొన్నప్పుడు క్రెడిట్ తీసుకున్నారు కాబట్టి మార్జిన్ పద్ధతి వర్తించదు. 20 లక్షల లారీ మీద 28 శాతం, 5,60,000 క్రెడిట్ తీసుకుని, మూడేళ్లకు తొమ్మిది లక్షలకు అమ్మారనుకుందాం. ఆ క్రెడిట్‌లో త్రైమాసికానికి అయిదు శాతం చొప్పున పన్నెండు త్రైమాసికాలకు అరవై శాతం పోతుంది, మిగిలిన నలభై శాతం 2,24,000. 2025 సెప్టెంబర్ 22 నుంచి లారీల రేటు 18 శాతానికి తగ్గింది కాబట్టి అమ్మకం ధర మీద పన్ను 1,62,000. రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి, అంటే 2,24,000. బిల్లులో కొన్నవాడి దగ్గర వసూలు చేసిన దానికన్నా కంపెనీ చేతి నుంచి 62,000 అదనంగా పోతుంది. అది అమ్మకం మీద నష్టంలో కలవాలి. పన్ను రేటు తగ్గడం వల్ల పాత లారీ అమ్మేవాళ్లకు ఇలా మెలిక పడిన సంగతి చాలామంది బిల్లు రాసేటప్పుడే గమనిస్తున్నారు.

బయటివాడికి కాక

మంచి కండిషన్‌లో ఉన్న కారును బయటికి అమ్మకుండా మేనేజర్‌కో డైరెక్టర్‌కో పుస్తక విలువకే ఇచ్చేయడం మన కంపెనీల్లో మామూలే. ఉద్యోగికి ఇస్తే అసలు ఖరీదులోంచి పూర్తయిన ప్రతి ఏడాదికీ ఇరవై శాతం చొప్పున, తగ్గుతూ వచ్చే విలువ మీద, తీసేసి మిగిలినదాన్ని చూస్తారు. నాలుగేళ్లకు అది 5,89,824. అతను నాలుగు లక్షలే కడితే తేడా 1,89,824 అతని జీతంలో కలిసి టీడీఎస్ పడుతుంది. జీఎస్టీలో యజమాని, ఉద్యోగి సంబంధం ఉన్న వ్యక్తులే కాబట్టి ధర మార్కెట్‌కు దగ్గరగా ఉందా అన్న ప్రశ్న కూడా వస్తుంది. డైరెక్టర్ అయితే బోర్డు తీర్మానం, సంబంధిత పార్టీల లావాదేవీల వెల్లడి కూడా ఉండాలి.

వరదలో పోయిన బండి లెక్క ఇంకో రకం. 2023 జూలై చివర్లో మోరంచపల్లి మునిగినప్పుడు, 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపానుకు వరంగల్, హనుమకొండ కాలనీల్లో నీళ్లు నిలిచినప్పుడు ఇంజిన్‌లోకి నీళ్లు పోయిన బండ్లు చాలానే. బీమా కంపెనీ పూర్తి నష్టం అని తేల్చితే ఇచ్చేది ఐడీవీ, అంటే పాలసీ మీద రాసిన బండి విలువ. మూడేళ్లు దాటిన కారుకు తయారీ కంపెనీ ధరలో నలభై శాతం తగ్గింపు, మోడల్ ధర మారలేదనుకుంటే 12 లక్షలకు 7,20,000. నాలుగేళ్లు దాటితే సగం. లైఫ్ ట్యాక్స్ అందులో ఉండదు. అందుకే పుస్తకాల విలువకూ క్లెయిమ్‌కూ ఎప్పుడూ పొంతన కుదరదు. వరద రోజు వరకు తరుగుదల రాసి, మిగిలిన విలువను నష్టంగా తీసేయాలి. బీమా డబ్బును అది రావడం ఖాయమయ్యాక విడిగా ఆదాయంగా చూపాలి. సర్వేయర్ వచ్చి చూసి వెళ్లాడని అంతా వచ్చేసినట్టు రాసుకోవడం తొందరపాటు. క్రెడిట్ తీసుకున్న లారీ అలా నాశనమైతే ఆ క్రెడిట్ వెనక్కి కట్టాల్సి ఉంటుంది.

ఆర్‌సీ ఇంకా కంపెనీ పేరునే ఉంటే

పుస్తకాల్లో బండి పోయింది, ఆర్‌టీఏ రికార్డులో పోలేదు. ఉత్తర తెలంగాణలో సెకండ్ హ్యాండ్ బండ్ల వ్యాపారంలో ఇది రోజూ జరిగే పనే. యాజమాన్యం బదిలీకి వాడే 29, 30 ఫారాల మీద ఖాళీగా సంతకాలు పెట్టించుకుని, కొనేవాడు దొరికేదాకా మధ్యవర్తి బండిని అలాగే తిప్పుతాడు. ఈ-చలాన్లు కంపెనీ ఫోన్‌కు వస్తుంటాయి. వాటిని పోలీసు ఫైన్ల ఖాతాలో రాసి కట్టేసేవాళ్లూ ఉన్నారు, అమ్మేసిన బండికి.

చలాన్లతో పోతే పర్వాలేదు. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రికార్డులో పేరు మారేదాకా రిజిస్టర్డ్ యజమానే ప్రమాద పరిహారానికి బాధ్యుడని తేల్చింది. బండి చేతులు ఎన్ని మారినా అంతే. బీమా లేని బండి ప్రమాదం చేస్తే క్లెయిమ్ కంపెనీ మీదికి వస్తుంది. అమ్మేశాం కదా అని పుస్తకాల్లోంచి తీసేసిన ఆస్తి తాలూకు బాధ్యత మాత్రం కంటింజెంట్ లయబిలిటీగా, అంటే వస్తే రావచ్చు అన్న బాధ్యతగా, మిగిలే ఉంటుంది. అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో, వేరే రాష్ట్రం అయితే 45 రోజుల్లో తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే కాబట్టి ఆదిలాబాద్, మంచిర్యాల వైపు ఈ రెండో సంగతి తరచూ ఎదురవుతుంది.

అందుకే ఫిక్స్‌డ్ అసెట్స్ రిజిస్టర్‌లో అమ్మిన తేదీ పక్కన ఆర్‌సీ బదిలీ తేదీకి కూడా ఒక గడి ఉండాలి. ఫైనాన్స్‌లో కొన్న బండి అయితే ఇంకోటి. లోన్ తీరాక ఫారం 35తో ఆర్‌సీ మీద హైపోథికేషన్, అంటే అప్పిచ్చినవాడి హక్కు నమోదు, తీయించుకోవడం అందరికీ తెలుసు. కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఆ బండి మీద నమోదైన చార్జ్‌ను (అప్పుకు తాకట్టు హక్కును) సీహెచ్‌జీ-4 ఫారం దాఖలు చేసి 30 రోజుల్లో తీయించాలన్నది చాలా చోట్ల గుర్తుండదు. ఏళ్ల తర్వాత బ్యాంకు కొత్త లోన్ ఇచ్చే ముందు చార్జ్‌ల జాబితా తీసినప్పుడు, ఎప్పుడో తుక్కుకు వేసిన ఏపీ 36 నంబరు లారీ మీద అప్పు ఇంకా నడుస్తున్నట్టు కనిపిస్తుంది. అప్పటికి ఆ ఫైనాన్స్ కంపెనీ ఇంకోదానిలో విలీనమై ఉంటే ఎన్‌ఓసీ కోసం కొత్త యాజమాన్యం చుట్టూ తిరగాల్సిందే.